అన్న అట్టలు వేసిన పుస్తకాలు

మొన్న జూన్‌లో, బడులు తెరవబోయే ముందు ఆదివారం, లాలాగూడలో మా అన్న ఇంటికి వెళ్లేసరికి ఆయన నట్టింట్లో చాప పరుచుకొని, ఒకటో తరగతిలో చేరబోయే మనవరాలి పుస్తకాలకు అట్టలు వేస్తున్నాడు. బడివాళ్లు ప్లాస్టిక్ అట్టలు వేసే ఇచ్చారట, అవి ఆయన కంటికి ఆనలేదు. రెజిమెంటల్ బజార్ దాకా పోయి ఖాకీ కాగితం తెచ్చుకొని, మూలలు గోటితో నొక్కి మడుస్తుంటే, తాతా నువ్వు ఎంత దాకా చదివినవని ఆ పిల్ల అడిగింది. అన్న తలెత్తకుండానే మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన జవాబు చెప్పాడు.

"నాకు చదువబ్బలే బిడ్డా. నా వంతు సుత మీ చిన్నతాతనే చదివిండు."

అందరూ నవ్వారు. వదిన అయితే, మరి ఆయన జీతంల మన వాటా ఏదని అడిగింది. నేనూ నవ్వాను. ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉన్నాను.

అన్నకు చదువు అబ్బలేదన్నది అబద్ధం. నాకు ఎక్కాలు నేర్పింది ఆయనే. మూడో తరగతి పెద్ద పరీక్షల ముందు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టాడు, పరీక్షలు రాయలేదు, బడివాళ్లు అదే తరగతిలో ఉంచేశారు. అప్పటిదాకా మా వీధి చివరి చిన్న బడిలో చదివిన నేను ఆ జూన్‌లోనే అన్న చదివే బడికి మారాను. అలా ఇద్దరం మూడో తరగతిలో పడ్డాం.

మా నాయన రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. ప్రతి ఏడూ అన్న పుస్తకాలే మరుసటి ఏడు నాకు వచ్చేవి. ఆ ఏడు ఆ లెక్క తప్పింది. "ఒకటే క్లాసైనంక రెండు సెట్లెందుకురా? పక్కపక్కకు కూసోండ్రి, ఒక్క బుక్కుల చదువుకోండ్రి" అని నాయన తేల్చేశాడు. అన్నకు అదేమీ తక్లీఫ్ అనిపించలేదు. తన పాత పుస్తకాలకు కొత్త అట్టలు వేసి, మైదాపిండి ఉడికించి చీటీలు అంటించి, వాటి మీద ముందు నా పేరు, కింద తన పేరు గుండ్రంగా రాశాడు.

మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, బడి తెరిచిన మొదటిరోజు పిల్లలందరినీ వరండాలో ఎత్తు ప్రకారం నిలబెట్టి, పొట్టివాళ్లను ముందు బెంచీల్లో, పొడుగువాళ్లను వెనక కూర్చోబెట్టేవాళ్లు. నాయన వేసిన లెక్కలో అది లేదు. నేను మొదటి బెంచీలో, అన్న గోడ పక్కన చివరి బెంచీలో పడ్డాం. పుస్తకాలన్నీ నా సంచిలోనే ఉన్నాయి.

సారు కూడా ఆ ఏడే కొత్తగా వచ్చాడు, మేమెవరమో ఆయనకు తెలియదు. ఫెయిలైన వాళ్లను లేవమంటే అన్న ఒక్కడే లేచాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు. నా పక్కనున్నవాడు, సున్నం కొట్టిన ఇంట్లో పుట్టినట్టు తెల్లగా ఉండే ఒక దర్జా పిల్లవాడు, మోచేత్తో నన్ను పొడిచి "గాడిద లెక్క ఎంత పొడుగున్నడో చూడు" అన్నాడు. పొద్దున్నుంచి వాడితో దోస్తీ చేయాలని తహతహలాడుతున్న నేను నవ్వాను. పుస్తకాలేవిరా అని సారు అడిగితే, "మా తమ్ముని తాన ఉన్నయి సార్" అని అన్న నన్ను చూపించాడు.

సారు నా వైపు తిరిగి, వాడు మీ అన్ననా అని అడిగాడు. తరగతి మొత్తం నన్నే చూస్తోంది. అట్ట మీది చీటీని అరచేత్తో కప్పి, "కాదు సార్, మా పక్కింట్ల ఉంటడు" అన్నాను.

మొదటిరోజే అబద్ధమా అని సారు అన్న రెండు చేతుల మీదా బెత్తంతో కొట్టాడు. అన్న నన్ను చూశాడు తప్ప, నాది అబద్ధమని చెప్పలేదు.

సాయంత్రం దారి పొడుగునా ఆయన నన్ను ఎప్పుడు కొడతాడా అని ఎదురుచూశాను. కొట్టి ఉంటే బాగుండేది. ఎప్పటిలాగే నా సంచి తనే మోశాడు. బెత్తం దెబ్బలకు వాచిన చేతులతో పట్టుకోలేక మెడకు తగిలించుకున్నాడు. ఇంటి మలుపు దగ్గర మాత్రం ఆగి, "ఇంట్ల చెప్పకు. నాయిన నిన్ను సంపుతడు" అన్నాడు.

మర్నాటి నుంచి నన్ను బడి గేటు దాకా దింపి, తను లోపలికి రాకుండా వెళ్లిపోయేవాడు. రెజిమెంటల్ బజార్‌లో ఒక సైకిల్ షాపు ముందు కూర్చుంటున్నాడని నాయనకు తెలిసేసరికి వానాకాలం సగం గడిచిపోయింది. నాయన కొట్టాడు, అమ్మ ఏడ్చింది. బడికి ఎందుకు పోవని ఎంత అడిగినా అన్న నోరు విప్పలేదు. వీడికి చదువు మీద మనసు లేదని చివరికి నాయన అదే షాపులో పనికి పెట్టాడు. ఆ మాటే మా ఇంట్లో నిలిచిపోయింది. పుస్తకాలన్నీ నావయ్యాయి. చీటీల మీది రెండో పేరును నేను సిరాతో కొట్టేశాను.

చాలా ఏళ్లు తప్పు సారుదనీ, ఎత్తు ప్రకారం కూర్చోబెట్టే ఆ పద్ధతిదనీ, ఒకే సెట్టుతో సరిపెట్టిన నాయనదనీ నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు అవేవీ లేవు. మా అన్న మనవరాలి బడిలో ఎవరి పుస్తకాలు వాళ్లవే, బెత్తం లేదు, జ్వరం వచ్చిన పిల్లకు మళ్లీ పరీక్ష పెడతారట. ఇన్ని మారాక చూస్తే, ఆ రోజు అరచేత్తో చీటీ కప్పింది నేనేనన్నది ఒక్కటే మిగిలింది.

ఆదివారం అన్న చివరి అట్ట మడిచి, పేరు రాయమని పెన్ను నాకిచ్చాడు, నా దస్తూరి బాగుంటుందని. రాశాను. ఇంట్లో చెప్పకని ఆయన నాతో అన్నాడు గానీ, ఆ మాట ఇన్నేళ్లూ నిలబెట్టింది ఆయనే. వదినకు కూడా తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆయన మా పక్కింటివాడు కాదు, మా అన్న.