మావీలో ఆరు రోజుల గాలి

ఎనభైల మొదట్లో అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, మా తెలుగు చర్చి భోజనాల దగ్గర నా కబుర్లు విన్నవాళ్ళు బందరు సముద్రాన్ని నేనే తవ్వించాననుకునేవారు. అలలకు ఎదురీది పడవల్ని అందుకున్నాననీ, గాలి వాసన చూసి తుఫాను చెప్పేవాణ్ణనీ కోతలు కోసేవాణ్ణి. అందరికన్నా ఎక్కువ నమ్మింది నా భార్య.

ఆవిడ చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. ఆ చూపు ఏడాదికి మించి ఉండదని డాక్టరు చెప్పేశాడు. ఆవిడ కోరింది ఒక్కటే: మొహానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని, నీళ్ళమీద బోర్లా తేలుతూ రంగురంగుల చేపల్ని చూడాలని. హవాయిలో మావీ దీవికి ఆరు రోజులకు వెళ్ళాం.

ఆరు రోజులూ సముద్రం కనికరించలేదు. పొద్దున్నే లైఫ్‌గార్డు ఒడ్డున బోర్డు మీద గాలి, అల ఎత్తు, నీళ్ళలో ఎంత లోతు కనబడుతుందో సుద్దముక్కతో రాసేవాడు. ఓ రోజు ఈదురుగాలి. ఓ రోజు వానకి కొండమీది ఎర్రమట్టంతా కడలిలోకి దిగింది. ఆపైన ఎవరూ నీళ్ళలో దిగొద్దని ఎర్రజెండా పాతారు, మళ్ళీ తియ్యలేదు.

"ఏవండీ, రేపెలా ఉంటుందంటారు?"

వేలు తడిపి గాలిలో పెట్టి, "తేటపడుతుందే, రాసిపెట్టుకో" అనేవాణ్ణి.

ఐదోనాడు నవ్వింది. "మీ బందరు గాలికి ఇక్కడ వీసా ఇవ్వలేదేమోనండీ."

ఆరు రోజులూ సముద్రం కనికరించలేదన్నాను కదా, అబద్ధం. ఐదే.

మొదటి ఉదయం ఆవిడ గదిలో తయారవుతుంటే నేనొక్కణ్ణే వెళ్ళి బోర్డు చూశాను. గాలి లేదు, అల లేదు. ఒడ్డున నిలబడ్డవాడికే పచ్చటి చేపలు కనబడుతున్నాయి. "ఇలాంటి రోజు మళ్ళీ దొరకదు, త్వరగా దిగండి" అన్నాడు లైఫ్‌గార్డు.

నాకు ఈత రాదు. మోకాలు దాటి ఏ సముద్రంలోనూ దిగినవాణ్ణి కాదు. పక్కనున్నది కనబడని ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాల్సింది నేనే.

గదికొచ్చి, "బాగాలేదే. అడుగున లాగుడుంది. బోర్డు రాసేవాడికేం తెలుసు? రేపు చూద్దాం" అన్నాను.

"మీరు చెప్పాక ఇంకేముందండీ" అని, పెట్టుకున్న అద్దం తీసి మంచం మీద పెట్టేసింది.

మరుసటి చలికాలానికి ఆవిడకి చీకటే మిగిలింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మాత్రం ఆ మొదటిరోజు సంగతి చెప్పేది. "మా ఆయన ఆపబట్టి సరిపోయింది గానీ, ఆవేళ కొట్టుకుపోయేదాన్నే."

నేను పక్కనే కూర్చుని, అవునవునని నోటితోనే చెప్పేవాణ్ణి. తలూపితే కనబడదు కదా.