పెద్దమ్మ చదివిన రెండో భాగం

మొన్న ఆదివారం పొద్దున పుప్పాలగూడ నుంచి ఫోను వచ్చింది. పక్కింటి పెద్దమ్మ నిద్రలోనే పోయిందని వాళ్ల కోడలు చెప్పింది. బంధుత్వం ఏమీ లేదు. అయినా ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

తొంభైల చివర, హైటెక్ సిటీ భవనాలు లేస్తున్నప్పుడు నాన్నకు అక్కడ పని దొరికింది. కడప నుంచి వచ్చి ఆమె పక్కింట్లో కిరాయికి దిగాం. నాకప్పుడు పన్నెండేళ్లు. ఒకరోజు ఖాజాగూడ వైపు బండలు పేలుస్తుంటే చూడబోయాను. రాతి పెచ్చులు ఎగిరొచ్చి రెండు కళ్లలోనూ పడ్డాయి. దవాఖానలో ఆపరేషన్ చేసి కట్టు కట్టారు.

ఆ కట్టు కింద నాకు పట్టుకున్న భయం ఇంతా అంతా కాదు. అమ్మా నాన్నా ఒకటే మాట: "ఏం గాదులేమ్మా." విన్నకొద్దీ భయం పెరిగేది.

అప్పటికే ఒక మంత్రాల నవల మొదటి భాగం చదివి, రెండోది తెచ్చిపెట్టుకున్నాను. ఇద్దరు అన్నదమ్ముల కథ. అన్న స్వార్థపరుడు, తమ్ముడు అబద్ధాలకోరు. ఇద్దరూ సూర్యుడు లేని లోకంలోకి దిగడంతో మొదటి భాగం అయిపోయింది.

"నేను సదువుత తియ్యి బిడ్డా" అంది పెద్దమ్మ.

ఆమె చదువు ఐదో తరగతి. పగలే, తలుపులు బార్లా తెరిచి, కూడబలుక్కుంటూ చదివేది. దయ్యం వచ్చే చోట గొంతు సన్నబడేది. "జర ఆగు, నీళ్లు తాగొస్త" అని లేచిపోయేది. బయట బండ పేలితే ఇద్దరం ఒకరినొకరం గట్టిగా పట్టుకునేవాళ్లం.

"గిసొంటియి రాసెటోళ్లకు నిద్రెట్ల పడతదో!" అని తిట్టేది. మర్నాడు మళ్లీ తనే పుస్తకం తెరిచేది.

కథలో తమ్ముడికి చూపు పోయింది. అన్న చెయ్యి పట్టుకుని గుహ దాటుతున్నాడు. ఉన్నట్టుండి పెద్దమ్మ చదవడం ఆపేసింది.

"ఏమైంది పెద్దమ్మా?"

"అన్న, తమ్ముని చెయ్యి ఇడిచిపెట్టి ఉరికిండు బిడ్డా."

ఆ పేజీ దాటేసినా నాకు తెలిసేది కాదు. ఆమె దాటెయ్యలేదు. అందుకే ఎవరినీ అడగలేనిది ఆమెను అడిగాను.

"నాకు చూపు రాదా?"

"నాకు తెల్వదు బిడ్డా. నాకు గూడ మస్తు భయమైతుంది."

కట్టు తడవకూడదని డాక్టరు చెప్పినా, ఆమె ఒడిలో తల పెట్టి ఏడ్చేశాను. ఆమె కూడా ఏడ్చింది. అలాగే ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. చాన్నాళ్ల తర్వాత పట్టిన నిద్ర అది.

చివరికి అన్న వెనక్కి వచ్చాడు. పెద్దమ్మ మాత్రం వాణ్ణి క్షమించలేదు. "ఇప్పుడొచ్చి ఏం లాభం" అంటూ పుస్తకం మూసేసింది.

కట్టు విప్పే రోజు మాతోపాటు దవాఖానకు వచ్చింది. నా ఎడమ కంట్లో ఇప్పటికీ మసక వెలుతురే. కుడి కన్ను మెల్లగా తెరిచాను. ముందు తెల్లటి వెలుగు, తర్వాత కిటికీ చువ్వలు, అమ్మ చీర. అమ్మ వెనక గోడకు ఆనుకుని పెద్దమ్మ. రెండు చేతులూ జోడించి, చూసే ధైర్యం లేక, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది.