నేర్పమన్నది నేనే

సత్తుపల్లి ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మీది మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర ఆ రోజుల్లో నా పని మనుషుల్ని తేవడం. పెద్ద పొక్లెయిన్లు నడిపేవాళ్లు మా వైపు దొరికేవాళ్లు కాదు. రైలెక్కి జార్ఖండ్ దాకా పోయి, వచ్చీరాని హిందీతో బతిమాలి, ఆపరేటర్లను వెంటబెట్టుకొచ్చేవాణ్ణి. తిరిగొచ్చేసరికి ఒళ్లు హూనమయ్యేది.

అలా తెచ్చినవాళ్లలో ఒకతనికి నలభై దాటాయి. మొదట రానంటే రానన్నాడు. మధ్యలో పంపేస్తే మా గతేంటని అతని భార్య అడిగింది. "గని ఉన్నన్నాళ్లూ పని ఉంటుంది, నాది పూచీ" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

అతను బకెట్ వేస్తే చూడాలి. డంపర్లో అంత మట్టి దించినా పెద్దగా చప్పుడయ్యేది కాదు.

మా బావమరిది పొలం ఆ గనిలోనే పోయింది. "నా భూమి తవ్వటానికి ఎక్కణ్నుంచో మనిషిని తెచ్చినవ్. నాకు నేర్పిస్తే నేను తవ్వనా ఏంది బావా?" అని రోజూ ప్రాణం తీసేవాడు. ఇంట్లో నా భార్య, "మా తమ్మునికి ఓ దారి చూపవు గానీ దేశమంతా తిరుగుతవ్" అని ముఖం మాడ్చుకునేది. విసిగిపోయి, భోజనాల వేళ వీడికి కాస్త నేర్పమని ఆ ఆపరేటర్నే అడిగాను. అతను కాసేపు ఆలోచించి సరేనన్నాడు. అంత ఆలోచన ఎందుకో నాకు తట్టలేదు.

ఏడాది తిరిగేసరికి బావమరిదికి చెయ్యి కుదిరింది, లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. ఒకరోజు కాంట్రాక్టరు టీ తాగుతూ, "మీ బావమరిది బానే నడుపుతున్నాడుగా. ఇంక ఆ జార్ఖండ్ ఆయన ఎందుకయ్యా, పంపించెయ్" అన్నాడు. నా పూచీ సంగతి చెప్పబోయాను. "పోనీ, మీ బావమరిదిని మాన్పించమంటావా?" అన్నాడు.

బండి దగ్గరికెళ్లి అతనికి ఆ మాట చెప్పడానికి తంటాలు పడుతుంటే, అతనే అందుకున్నాడు.

"మీరు నేర్పమన్న రోజే తెలుసు సాబ్."

"తెలిసీ ఎందుకు నేర్పావు?"

"మా పొలం కూడా గనిలోనే పోయింది. బయటి నుంచి వచ్చిన ఒక సర్దార్జీ నాకు నేర్పాడు. తర్వాత ఆయన్నీ ఇలాగే పంపేశారు."

సిగ్గుతో చచ్చిపోయాను. అతను మాత్రం బావమరిదిని పిలిచి, పొద్దున ఇంజను వేడెక్కకముందు బకెట్ ఎత్తొద్దని జాగ్రత్తలు చెప్పి దిగాడు.

బస్టాండు దాకా వెళ్లి అతని పెట్టె బస్సులో పెట్టాను. ఏం మాట్లాడాలో తెలీక, వారంలో డ్రిల్లింగ్ వాళ్ల కోసం నన్ను మళ్లీ మీ వైపే పొమ్మంటున్నారని చెప్పాను. అతను నా వైపు జాలిగా చూశాడు.

"బాగా అలసిపోయారు సాబ్" అన్నాడు. "బస్సు కదిలేదాకా ఎందుకు, ఇంటికి పోండి."