మసి తుడిచిన రాగ్‌టైమ్ మాస్టారు

మా పియానో గురువు సూర్యనారాయణ మాస్టారు ఇక లేరన్న వార్త ఆఫీస్‌కి వెళ్తూ కార్‌లో విన్నాను. నిద్రలోనే గుండె ఆగిందట. నమ్మబుద్ధి కాలేదు. మొన్ననే పాఠంలో "తొందరెందుకమ్మా, రైలేమన్నా తప్పిపోతుందా?" అని కసిరిన మనిషి!

అమెరికాలో మా ఊరు పార్సిప్పనీలో మన తెలుగు పిల్లలకు పియానో నేర్పిన ఆ మహనీయుని ప్రాణమంతా రాగ్‌టైమ్. ఎడమచెయ్యి నిబ్బరంగా తాళం వేస్తుంటే కుడిచెయ్యి దాన్ని తప్పించుకు తిరిగే నల్లజాతి సంగీతమది. దొరల ఠీవిని వెక్కిరిస్తూ బానిసలు కేక్‌వాక్ అనే నాట్యం ఆడారనీ, వెక్కిరింత తమమీదేనని తెలియక దొరలే మురిసి కేకు బహుమతిచ్చారనీ, రాగ్‌టైమ్ లయకు ఆ అడుగులే మూలమనీ చెప్పి పకపకా నవ్వేవారు. తర్వాతి ఘోరం మాత్రం మాబోటి పెద్దవాళ్ళకే చెప్పేవారు. తెల్ల నటులు ముఖాలకు మసి పూసుకుని, ఆ లయకే నల్లవారిని హేళన చేసే పాటలు కట్టి అమ్ముకున్నారు. "బాణీ వింటే కాలు ఆడుతుంది, మాట వింటే కడుపు రగులుతుంది" అనేవారు.

నిరుడు మన తెలుగు సంఘం దీపావళి వేడుకలో పిల్లల కేక్‌వాక్‌కు మాస్టారు వాయించాల్సి ఉంది. కృష్ణుడి వేషానికి నీలం పూసినంత అమాయకంగా, "నల్లవాళ్ళ డాన్సే కదా" అని తల్లులు పిల్లల ముఖాలకు నల్లరంగు పూశారు. తెర వెనక అది చూసి మాస్టారు కొయ్యబారిపోయారు.

"ముందు కడగండి. కడిగితేనే వాయిస్తాను."

"నెక్స్ట్ ఐటమ్ మనదే మాస్టారూ! చిన్నపిల్లల డాన్స్‌కి ఇంత సీన్ చేస్తారా?" అన్నారు సంఘం కార్యదర్శి.

"చిన్నపిల్లలు కాబట్టే బాబూ. స్కూల్లో పక్కసీటు నల్లపిల్ల ఈ వీడియో చూస్తే, మన పిల్ల ఆ పిల్ల ముఖం ఎలా చూస్తుంది?"

ఎవరూ కదల్లేదు. తడి టవల్‌తో ఆయనే ఒక్కొక్కరి ముఖం తుడిచారు. ఐటమ్ రద్దయింది. "తగుదునమ్మా అని మనకే నీతులా?" అంటూ తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చివరికి ఆయనకు మిగిలిన శిష్యురాలు, కోడింగ్ తప్ప వేళ్ళకు మరే విద్యా పట్టని నేను!

"వాళ్ళమీద కోపం లేదమ్మా. ఈ విద్య ఒక్క పిల్లకైనా పూర్తిగా అప్పజెప్పకుండా పోతానేమోనని భయం" అన్నారొకసారి. ఆ భయంతోనే వెళ్ళిపోయారు.

అంత్యక్రియలనాడు ఆయన పాత శిష్యురాలు, పదేళ్ళ తన్వి, నా చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, కేక్‌వాక్ ట్యూన్ నాకు హాఫే వచ్చు. మిగతాది మాస్టారంకుల్ నేర్పిస్తా అన్నారు. మమ్మీ మళ్ళీ పంపలేదు. ఇప్పుడు ఎవరు నేర్పిస్తారు?"

పక్కనే నిలబడ్డ వాళ్ళమ్మ తల వంచుకుంది. గురువర్యా, మీ పాదాలకు నా కన్నీటి నమస్సులు. ఆ పిల్లకు చెప్పడానికి మా ఎవరి దగ్గరా ఒక్క పేరు లేదు.