పడవ ముందు బరువు

మా పేటలో తిరిగే దెయ్యాల కథల్లో సగం నేను పుట్టించినవే. తయారుచేసేవాడికి సరుకు సంగతి తెలుస్తుంది కాబట్టి ఒక్కదాన్నీ ఏనాడూ నమ్మలేదు. ఈ వయసులో కొత్తగా నమ్ముతున్నానని చెప్పడమూ లేదు. జరిగింది చెబుతాను, అంతే.

మాది పులికాట్ సరస్సు ఒడ్డు. మా అన్నా నేనూ ఒకే పడవ మీద బతికినవాళ్లం. ఆయన ముందు కూర్చుని వల వేసేవాడు, నేను వెనక నిలబడి గడతో పడవను నెట్టేవాణ్ని.

అన్నకు గుండె బలహీనపడింది. గుమ్మందాకా నడిచినా ఆయాసం. పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంటలు పడేవి. పడుకుంటే ఊపిరాడక, దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. నెల్లూరు డాక్టరు ఉప్పు బాగా తగ్గించమన్నాడు, నీళ్లు కొలిచి తాగమన్నాడు.

ఒంట్లో నీరు చేరిందని డాక్టరు చెప్పిన మాట మా ఇంట్లో వేరే దారి పట్టింది. నీరు చేరిన మనిషికి నీటిగాలి తగలకూడదని వదిన తేల్చేసింది. నాకూ అది సబబుగానే తోచింది. సరస్సు వైపు కిటికీ మూసేశాం.

ఉప్పు లేని పులుసు ముందు పెట్టుకుని అన్న అనేవాడు, "ఈ చేప వలలో పడినప్పుడు కూడా ఇంత బాధపడి ఉండదురా." వదిన కోపంగా చూస్తే నవ్వేవాడు. నవ్వు మధ్యలో ఆయాసం వచ్చేది.

ఒకరోజు మాత్రం నవ్వకుండా అడిగాడు. "నీళ్లు తాగొద్దన్నారు, సరే. చూడొద్దని కూడా అన్నారా? ఒక్కసారి పడవలో తీసకపోరా."

ఆసుపత్రి నుంచి అప్పుడప్పుడు ఇంటికొచ్చి చూసే నర్సమ్మకు, నీటిగాలి పడదన్నా పడవెక్కుతానంటున్నాడని వదిన ఫిర్యాదు చేసింది. ఆ అమ్మాయి మా వైపే ఆశ్చర్యంగా చూసింది.

"గాలికి నీరు చేరదక్కా. కిటికీ తియ్యండి ముందు. ఆ గుండె ఇంక పూర్తిగా బాగయ్యేది కాదు, ఉన్న రోజులన్నా బాగుండాల గదా. చల్లపూట పడవలో వీపుకు దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి. ఆయాసమొస్తే వెనక్కి తిప్పండి."

"పడవలో ఏదన్నా అయితే ఎట్టమ్మా?"

"ఇంట్లో ఉన్నా అవుతుందక్కా."

వదిన ఒప్పుకుంది. నేనే గాలి తగ్గనీ అన్నాను. గాలి తగ్గాక, ఆ కాళ్ల వాపు కాస్త దిగనీ అన్నాను. ఒక పొద్దున వదిన కాఫీ తీసుకెళ్లేసరికి అన్న కుర్చీలోనే పోయి ఉన్నాడు.

కర్మలన్నీ అయ్యాక ఒక ఉదయం ఒంటరిగా పడవ తీశాను. ఆ తర్వాతి కథ మా టీ బంకు దగ్గర అందరికీ తెలుసు. అన్న ముందు కూర్చున్నాడనీ, ఉబ్బిన కాళ్లు నీళ్లలో ఆడించాడనీ, నన్ను పేరు పెట్టి తిట్టి ఉప్పుచేప అడిగాడనీ చెప్పాను. విన్నవాళ్లు తాగడం మరిచి టీ చల్లార్చుకున్నారు.

అదంతా నా కల్పన. నాకెవరూ కనబడలేదు. ఏ మాటా వినబడలేదు.

నిజంగా జరిగింది చాలా చిన్నది. ఒడ్డు దాటి కాస్త లోపలికి వెళ్లాక పడవ ముందు భాగం కిందికి వంగింది. వల తీసుకురాలేదు. ముందు వైపు ఖాళీ. ఎక్కడన్నా నీరూరుతోందేమోనని వంగి తడిమి చూశాను. చెక్కలు పొడిగా ఉన్నాయి. నేను ఇంకా వెనక్కి జరిగి నిలబడ్డాను. అయినా ముందు భాగం లేవలేదు. ముందు మనిషి కూర్చుంటే ఆ పడవ ఎంత వంగుతుందో, గడ పట్టిన నా చేతులకు బాగా తెలుసు. సరిగ్గా అంతే వంగి ఉంది.

గాలి లేదు. అల లేదు. వయసు మీదపడి చేతులు పొరబడ్డాయేమోనని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. మళ్లీ మళ్లీ అదే పడవలో వెళ్లి చూశాను. ఇంకెప్పుడూ అలా వంగలేదు. కారణం ఏమిటో నాకు ఈరోజుకీ తెలియదు.

ఆ ఉదయం నోరు తెరిచి "అన్నా" అని పిలవాలనిపించింది. పిలిస్తే పడవ తేలికైపోతుందేమోనని పిలవలేదు. ఒడ్డుకు తిప్పితే దిగిపోతాడేమోనని, ఎండ నడినెత్తికి వచ్చేదాకా నీళ్ల మీదే తిప్పుతూ ఉండిపోయాను.