ఆ తల్లికి తెలుసు

నలభై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను, మొన్నటిదాకా మా వాళ్లలో ఒక్కరూ చెవిన పెట్టలేదు. ఇవాళ మా వీధిలో ఎవరో జీడిపిక్కలు కాలుస్తున్నారు. ఆ ఘాటు పొగ ముక్కుకు తగలగానే మళ్లీ చెప్పాలనిపించింది.

పాతపట్నం దగ్గర మావయ్య జీడితోటలో నా ఎండాకాలం సెలవులన్నీ గడిచాయి. రాలిన జీడిపళ్ల పులిసిన వాసన, ఎన్ని ఉతుకులకీ పోని రసం మరకలు, పొద్దున్నే అమ్మమ్మ పోసే చోడి అంబలి, డబ్బాలు వాయిస్తూ కోతుల్ని తోలే మా కేకలు, అన్నీ కలిసే గుర్తొస్తాయి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక కోతి చచ్చిన పిల్లను రెండు రోజులు మోసుకు తిరిగింది. మూడో రోజు దాన్ని చెట్టు కింద పడుకోబెట్టి ఈగలు తోలుతూ కూర్చుంది. గుంపంతా అరుపులు మాని కొమ్మల మీంచి చూస్తోంది. మా వైపు కోతి చనిపోతే పసుపు రాసి, కొత్త గుడ్డ చుట్టి, భజనతో పూడ్చిపెడతారు. ఆ పుణ్యం కోసం మావయ్య కొడుకు సింహాచలం బావ, తల్లిని పిల్ల దగ్గర్నుంచి పక్కకి రప్పించాలని అరటిపళ్లు విసిరాడు. తల్లి వాటివైపు చూడనైనా లేదు. చివరికి డబ్బా వాయించి బెదరగొట్టి పిల్లను లాక్కొచ్చాడు.

"దాని పిల్లని దానికి ఇచ్చీ బావా. పిల్ల సచ్చిపోయిందని దానికి తెలుసు. ఇంకా ఒగ్గలేకపోతన్నాది," అన్నాను.

"కోతికేటి తెలుస్తాదిరా సావంటే? నిద్దరోతందనుకుంతాది. నువ్వేటి, దాని తమ్ముడివా?"

భజన చేసేవాళ్లు తాళాలు ఆపి మరీ నవ్వారు. అప్పటినుంచి బావ ప్రతి శుభకార్యంలోనూ నన్ను 'కోతి తమ్ముడు' అనే పిలిచాడు. నా పెళ్లిలో తలంబ్రాల వేళ కూడా వదల్లేదు.

మొన్న అరసవల్లిలో బావ మనవడి అన్నప్రాసనలో, పంక్తిలో కూర్చుని ఫోనులో వీడియో పెట్టాను. చింపాంజీల గుంపు. ఎప్పుడూ గోల చేసేవి ఒక్కొక్కటే వచ్చి, చచ్చిన పిల్లను వేలితో తాకి, వాసన చూసి, మౌనంగా కూర్చున్నాయి. తల్లి ఈగలు తోలింది. తర్వాత పిల్లను ఎత్తుకుని, జారిపోకుండా ఒక చేత్తో అదిమిపట్టి కుంటుతూ నడిచింది.

"అవి సింపాంజీలురా, మన కోతులు కావు," అన్నాడు బావ.

వడ్డిస్తున్న ఆయన భార్య పార్వతక్క ఆగింది. "ఏదైతేనేటి? నిద్దరోయే పిల్లయితే తల్లిని అదే కరుసుకుంతాది. దీన్ని సేత్తో పట్టుకుంది, సూడు. తెలిసే మోస్తన్నాది."

పంక్తంతా నిజమేనంది. గెలిచాను! పాయసం అడిగి మరీ రెండోసారి వేయించుకున్నాను.

ఆ తోట ఇప్పుడు లేదు. పిల్లను పూడ్చినచోట ఇళ్ల స్థలాల రాళ్లు పాతారు. డబ్బాలు వాయించే పిల్లలూ లేరు. బావ మాత్రం ఉన్నాడు. ఆ రోజు పంక్తిలోంచి లేచి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. బావా, పార్వతక్క చెబితే చాలదు, నీ నోటితో వినాలి: ఆ తల్లికి తెలుసా, తెలీదా?