చెల్లెలి చెవికి మైకు సెట్టు

మా ఇంట్లోకి మైకు సెట్టు దిగిన రోజున జగ్గయ్యపేటలో మా వీధి వీధంతా వచ్చి ఎవరి పెళ్ళని అడిగింది. పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు, మా చెల్లెలి చెవులకి పరీక్ష అని చెబితే ఒక్కరూ నమ్మలేదు. "చెవిటిపిల్లకి మైకేంటమ్మా, నీకేమన్నా పిచ్చా?" అని పక్కింటావిడ మొహం మీదే అడిగింది. "పిచ్చేనండి, మీకేంటి నష్టం?" అన్నాను. అప్పటికి నాకు పాతికేళ్ళు కూడా నిండలేదు కానీ నోరు మాత్రం నిండుగానే ఉండేది. ఈ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ నాకు ఒళ్ళు పొంగుతుంది. గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి. జన్మకో గొప్ప అయినా ఉండాలి కదా, నాకున్నది ఇదే.

ఇది డెబ్భైల చివరి మాట. నందిగామలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేదాన్ని. చెల్లెలు నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. తొమ్మిదో ఏట మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది కానీ, మంచం మీద లేచి కూర్చున్న రోజు నుంచి ఎవరు పిలిచినా పలకలేదు. దాంతో ఇంట్లో అందరం దాన్ని పిలిచే పద్ధతి మార్చుకున్నాం. అది కూర్చున్న బల్ల మీద అరచేత్తో చరిచేవాళ్ళం. పడుకుని ఉంటే మంచంకోడు మీద తట్టేవాళ్ళం. ఆ అదురు తగలగానే ఇటు తిరిగేది. ఏళ్ళ తరబడి అదే మాకు దాని పేరయిపోయింది.

చెవులు పోయినప్పుడు దాని మాట శుభ్రంగా ఉండేది. ఆగకుండా వాగేది. తన మాట తనకి వినపడకపోతే మనిషి మాట ఎలా అరిగిపోతుందో నేను దగ్గరుండి విన్నాను. ముందు 'స'లూ 'శ'లూ పోయాయి. తర్వాత గొంతు మీద అదుపు పోయింది. గుసగుసగా చెప్పాల్సింది కేకేసి చెప్పేది, కేకెయ్యాల్సిన చోట నూతిలోంచి వచ్చినట్టు గొణిగేది. ఒక పెళ్ళిలో మంచినీళ్ళడిగితే చుట్టాల పిల్లలు దాన్ని అనుకరించి నవ్వారు. వాళ్ళ నవ్వు దానికి వినపడలేదు, కనపడింది. ఆ రోజు నుంచి మా చెల్లెలు నోరు మూసేసుకుంది. అమ్మతో సైగలు, నాతో ఉత్తి పెదాలు. దానికి పదహారేళ్ళు వచ్చేసరికి ఇంట్లో దాని గొంతు ఎలా ఉంటుందో మేమే మర్చిపోతున్నాం. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే చెవిటిపిల్ల కాస్తా మూగపిల్ల అయిపోతుంది. నా బాధంతా అదే.

నాన్న, నేను దాన్ని తీసుకుని బెజవాడలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినపడగానే చెయ్యెత్తమని సైగ చేసి, మిషన్ మీద మర తిప్పుతూ పోయాడు. చివరిదాకా తిప్పాడు. అది చెయ్యెత్తలేదు. డాక్టరు మంచివాడు, ఉన్నమాట చెప్పాడు. "చూడమ్మా, నా మిషన్ ఎంతవరకు మోగుతుందో అంతా మోగించాను. ఇంతకు మించిన మోతకి కాస్త వినికిడి మిగిలి ఉందేమో నాకు తెలీదు. ఇంతకన్నా గట్టిగా మోగే మిషన్లు మద్రాసులోనో హైదరాబాదులోనో ఉంటాయి. కొంచెమైనా మిగిలి ఉంటే చెవి మిషన్ పెట్టొచ్చు, తన మాట తను విని దిద్దుకుంటుంది. ఏమీ లేకపోతే పెట్టినా దండగ."

బస్సులో నాన్న, "ఇంక చాలమ్మా, దాని రాత అంతే" అన్నాడు. ఆ ఏడు మా పత్తి పురుగుపాలైంది. మద్రాసు మాట ఎత్తే ధైర్యం ఆయనకి లేదు. నాకు మాత్రం డాక్టరు చెప్పిందాంట్లో 'తెలీదు' అన్న ఒక్క ముక్కే చెవిలో పడింది. తెలీదంటే లేదని కాదుగా! వచ్చేముందు ఆయన్ని బతిమాలి ఆ హెడ్‌ఫోన్ ఒక్క క్షణం నా చెవులకి పెట్టించుకున్నాను. బాబోయ్, నందిగామ దాటేదాకా తల దిమ్మెక్కిపోయింది. దీన్ని మించి మోగేది మా ఊళ్ళోనే తయారు చేస్తానని బస్సులోనే అనుకున్నాను. ఎలా అంటే ఏం చెబుతాను, పొగరు.

మా బజారులో మైకుసెట్ల బాబాయ్ ఒకాయన ఉండేవాడు. నిజం బాబాయ్ కాదు, ఊరందరికీ బాబాయే. పెళ్ళిళ్ళకీ తిరణాళ్ళకీ మైకులు అద్దెకిచ్చేవాడు. నేను సంగతి చెప్పగానే ఎగిరి గంతేశాడు. "గట్టిగా మోగాలంటే నా తర్వాతే ఎవడైనా అమ్మాయ్! పెనుగంచిప్రోలు తిరణాళ్ళలో నా హారన్ పెడితే మునేరు అవతల పడుకున్నోడు లేచి కూర్చోవాల్సిందే."

"మునేరు అవతలికి కాదు బాబాయ్, మా చెల్లెలి చెవి లోపలికి వెళ్ళాలి. అదీ పగలకుండా, గరగరలాడకుండా. గోల వేరు, మోత వేరు."

"నువ్వు పంతులమ్మవి కాబట్టి అలా అంటావ్. జనానికి గోలే కావాలి," అని నవ్వాడు.

శబ్దం సంగతి నాకు తేలిగ్గానే తెమిలింది. స్కూల్లో పాఠం చెప్పడానికి శృతిదండాలు ఉండేవి. రెండు కొమ్ముల ఉక్కు ముక్క, రబ్బరు దిమ్మకి కొడితే ఒకటే స్వరం మోగుతుంది. హెడ్‌మిస్ట్రెస్‌ని అడిగి సన్నగా మోగేది ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. దాన్ని మైకు ముందు మోగిస్తే యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. చిక్కల్లా హెడ్‌ఫోన్ దగ్గరే వచ్చింది. ట్రాన్సిస్టర్‌కి పెట్టుకునే చెవిబిళ్ళ కాస్త పెంచగానే రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసినట్టు మోగింది. మా తోటి టీచరు తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చిన హెడ్‌ఫోన్ చూడ్డానికి సొగసే, పాటలకి బాగుంటుంది, గట్టిదనం మాత్రం బెజవాడ మిషన్ గుమ్మం కూడా తొక్కలేదు. చివరికి బెజవాడలో పాత సామాన్ల సందులో, మిలిటరీ వైర్‌లెస్ వాళ్ళు వాడి పారేసిన హెడ్‌ఫోన్ దొరికింది. నల్లటి రబ్బరు గిన్నెలు, ఇనప పట్టీ, పెట్టుకుంటే మెడ వంగిపోయేంత బరువు. కొట్టువాడు దాన్ని పాత ఇనుము కింద తూచి ఇచ్చేలా ఉన్నాడు. ఏది కొన్నా ముందు చెవికి పెట్టుకోలేదు. బల్ల మీద బోర్లించి, దూరం నుంచి విని, తర్వాతే దగ్గరికి వెళ్ళాను. నా చెవులు కూడా పోతే ఇంట్లో ఇద్దరం అవుతాం కదా.

తెచ్చిన సాయంత్రమే బాబాయ్ దాన్ని యాంప్లిఫయర్‌కి తగిలించాడు. స్విచ్చి వేశాడు. వంకాయ కాల్చినట్టు వాసన వచ్చింది. నేను పరుగెత్తి తీగ పీకేశాను. "ఎక్కడ కలిపావ్ బాబాయ్?" "లైన్లోనే అమ్మాయ్. నేనెప్పుడూ కలిపేది అక్కడేగా!" లైనంటే స్తంభాలకి కట్టిన హారన్లకి ఊరి చివరిదాకా పంపే కరెంటు. ఇన్నేళ్ళుగా ఆయన చెయ్యి యాంప్లిఫయర్ వెనక తీగలు కలిపే ఇంకో బిగింపు మీదికి పోయి ఎరగదు. "నీ మొహం మండ! ఇవి రావిచెట్టుకి కట్టేవి కాదు, చెవులకి పెట్టేవి!" అని అరిచేశాను. పెద్దవాణ్ణి అలా అనకూడదు కానీ అనేశాను. ఆయన తల గోక్కుంటూ, "పోన్లే, చెల్లి చెవికి పెట్టకముందే కాలింది. ఆ ఇంకోటేదో నేనే కొనిస్తా" అన్నాడు. మాట తప్పలేదు. రెండో జతని చిన్న స్పీకరు బిగింపుకి కలిపి, మధ్యలో అడ్డుకట్టగా రెసిస్టెన్సు వేశాం. బల్ల మీద బోర్లిస్తే వంటింట్లోకి వినపడింది, అదీ పగలకుండా. బెజవాడ మిషన్ దీని ముందు దోమ!

ఆదివారం చెల్లెల్ని గోడ వైపు తిప్పి బల్ల మీద కూర్చోబెట్టాను. అది మొహాలు చూసి మనసులో మాట చెప్పేయగలదు, అందుకని నన్ను చూడనివ్వలేదు. బాబాయ్ మర తిప్పాడు. నేను శృతిదండం మోగించాను. చివరికి వస్తుండగా మా చెల్లెలు చెయ్యెత్తింది! అమ్మ ఏడుస్తూ దేవుడి గూటి దగ్గరికి పరుగెత్తింది. నాన్న కండువా నోట్లో కుక్కుకున్నాడు. నేను గెంతాను. గెంతుతూనే గమనించాను, శృతిదండం నా చేతిలో ఆగిపోయింది, అది మాత్రం చెయ్యి దించలేదు.

హెడ్‌ఫోన్ చెవుల మీంచి తీసి దాని చెంపలకి ఆనించాను. చెయ్యెత్తింది. మోచేతికి ఆనించాను. ఎత్తింది. కరెంటు మీద నడిచే ఆ యాంప్లిఫయర్ మర పెంచగానే అడుగున హుమ్మని ఒక రొద పెడుతోంది. అంత రొదకి రబ్బరు గిన్నెలే అదురుతున్నాయి. మా పిల్ల వినడం లేదు, అదురు తగిలి పలుకుతోంది. తప్పు దానిది కాదు. అదురు తగిలితే పలకమని ఏళ్ళ తరబడి నేర్పింది మేమే. అమ్మకి ఏం చెప్పాలో తెలీక నేను శృతిదండం మంచం మీదికి విసిరేసి పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఏడుపు కంటే కోపం ఎక్కువ. ఎవరి మీదో నాకే తెలీదు.

కాసేపటికి వీధిలోంచి సినిమా పబ్లిసిటీ రిక్షా వెళ్ళింది. దాని మైకులో గొంతు తేటగా, రొద లేకుండా వినపడుతోంది. కళ్ళు తుడుచుకుని బాబాయ్‌ని కేకేశాను. "ఆ రిక్షాకి మైకెవరిది బాబాయ్?" "నాదే. ఎందుకు?" "దానికి కరెంటెక్కడిది?" "కరెంటేంటి అమ్మాయ్, బ్యాటరీ మీద..." అని ఆగిపోయాడు. ఇద్దరికీ ఒక్కసారే వెలిగింది. రొద కరెంటుది. బ్యాటరీకి రొద ఉండదు! బాబాయ్ పంచె ఎగ్గట్టి రిక్షా వెంట పడ్డాడు. సాయంత్రం ఆట మొదలయ్యేసరికి ఆ యాంప్లిఫయరూ, దాని బ్యాటరీ మా మధ్యగదిలో ఉన్నాయి. ఆ పూట మా వీధికి కొత్త సినిమా సంగతి తెలీకుండా పోయింది.

ఈసారి ముందు చెంపకే ఆనించాను. మర చివరికి తిప్పి శృతిదండం మోగించాను. చెల్లెలి చెయ్యి ఒళ్ళోనే ఉంది. మోచేతికి. కదల్లేదు. కుడిచెవికి పెట్టాను. ఏమీ లేదు. ఎడమచెవికి పెట్టాను. చెయ్యెత్తింది. శృతిదండం వేళ్ళతో పట్టి ఆపాను. దించింది. మళ్ళీ మోగించాను, ఎత్తింది. మోగించినట్టు నటించాను, ఎత్తలేదు! నేను నాన్న వైపు చూసి, "ఉంది నాన్నా, ఎడమచెవిలో ఉంది" అన్నాను. ఆయన నమ్మలేక శృతిదండం తన చేత్తో మోగించి చూసుకున్నాడు.

తర్వాత జరిగినవన్నీ సవ్యంగా జరిగాయి. నా పరీక్ష సంగతి విని బెజవాడ డాక్టరు నవ్వలేదు, మద్రాసుకి తనే రాసిచ్చాడు. అక్కడా ఎడమచెవిలో ఉందనే తేలింది. జేబులో పెట్టుకునే చెవి మిషన్ వచ్చింది. ఎనభైల్లో మా చెల్లెలు వత్సవాయిలో కుట్టుమిషన్లు పెట్టి ఆడపిల్లలకి పని నేర్పింది. వాళ్ళని తిట్టేది కూడా నోటితోనే, సైగలతో కాదు. చేసింది డాక్టర్లూ, దాని పట్టుదలానూ, ఒప్పుకుంటాను. కానీ 'ఉంది' అన్న మాట మాత్రం ముందు మా మధ్యగదిలోనే పుట్టింది. అది నేను ఎవరికీ వదులుకోను.

ఆ ఆదివారం సాయంత్రం పరీక్ష అయ్యాక బాబాయ్ తీగలు విప్పబోతుంటే నేను ఆపాను. కాస్త మర తగ్గించి, మైకు తీసి చెల్లెలి నోటి దగ్గర పెట్టాను. అది ఇంకా గోడ వైపే కూర్చుని ఉంది. మైకు కేసి చూసి తల అడ్డంగా ఊపింది. ఆ పెళ్ళి అది మర్చిపోలేదు. నేను మైకు తియ్యలేదు. చివరికి, "ఏం మాట్లాడను?" అంది. మాట వంకరగానే వచ్చింది. వచ్చీ రాగానే ఉలిక్కిపడి హెడ్‌ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది. మళ్ళీ అంది. "ఏం మాట్లాడను... ఏం మాట్లాడను..."

"ఇది నేనా?" అని అడిగింది. "అమ్మ గొంతులా ఉందేంటి?"

అది ఆఖరిసారి విన్న తన గొంతు తొమ్మిదేళ్ళ పిల్లది. ఆ గొంతు పెద్దదైన సంగతి దానికి ఎవరూ చెప్పలేదు, చెప్పాలని మాకు తోచనూ లేదు. అమ్మే ముందుకొచ్చి, జన్మలో మైకు ముట్టని మనిషి, ఆ మైకు మీదికి వంగింది.

"నా కడుపున పుట్టావు, ఇంకెవరి గొంతొస్తుందే నీకు?"

అర్థమైందో లేదో నాకు తెలీదు. బల్ల ఎవరూ చరచలేదు. గోడ వైపు తిరిగి కూర్చున్న మా చెల్లెలు, వెనక్కి తిరిగి చూడకుండానే, "ఊఁ, అమ్మా" అని పలికింది.